భీమిలి గాలికి తట్టుకునే గుర్రం ఏది?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. భీమిలి దాటాక రెండెకరాల సరుగుడు తోట, అందులో నాలుగు గదుల రిసార్టు. మీ వయసు 42, బరువు 82 కిలోలు, ఇంతవరకు గుర్రం ఎక్కింది లేదు. 11 ఏళ్ల పాపకు కూడా నేర్పించాలి. కుదిరితే అదే గుర్రానికి బండి కట్టి అతిథులను బీచి దాకా తిప్పాలి, తోటలో సరుగుడు మోపులు కూడా మోయించాలి. మూడు గుర్రాలు చూసి వచ్చారు: హైదరాబాద్‌లో రేసులు మానేసిన థరోబ్రెడ్, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంత నుంచి వచ్చిన రెండేళ్ల మార్వాడీ పిల్ల, పాడేరు వైపు సరుకులు మోసే పొట్టి గుర్రం. వీటిలో ఏ జాతి మంచిదని అడిగారు.

ముందే చెప్పేస్తున్నాను, మీరు ఎక్కడానికి మూడూ వద్దు. మొదటిది మన ఊరి గాలికి ఆగడం కష్టం, రెండోది ఇంకా పసిది, మూడోది మీ బరువు మోయలేదు. పొట్టిదాని గురించి మాత్రం చివర్లో నా మాట కొంచెం మార్చుకుంటాను.

నేను సైన్యంలో 22 ఏళ్లు గుర్రాలు, కంచరగాడిదల మధ్యే పనిచేశాను. తర్వాత హైదరాబాద్‌లో కొన్నాళ్లు రైడింగ్ నేర్పాను. పదేళ్లుగా విశాఖ మధురవాడలో ఉంటున్నాను. ఉత్తరాదిలో, దక్కనులో నేర్చుకున్న లెక్కలు ఇక్కడికొచ్చాక సగం తారుమారయ్యాయి. దానికి కారణం సముద్రం. అందుకే జాతుల కంటే ముందు చెమట గురించి చెప్పాలి.

గుర్రం కూడా మనలాగే ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. ఆ చెమట ఆరితేనే చల్లదనం. మే నెలలో బీచ్ రోడ్డు మీద నడిచిన ఎవరికైనా తెలుసు, మన దగ్గర చెమట కారుతుందే గాని ఆరదు. గుర్రాలవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. ఆ పూట ఉష్ణోగ్రతను ఫారన్‌హీట్‌లో తీసుకుని, దానికి గాలిలో తేమ శాతం కలపాలి. మొత్తం 130 లోపు ఉంటే బెంగ లేదు. 150 దాటితే గుర్రం చల్లబడటానికి తంటాలు పడుతుంది. 180 దాటితే పని పెట్టకూడదు. వేసవిలో ఇక్కడ ఒక మధ్యాహ్నం 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకోండి. 34 సెంటీగ్రేడ్ అంటే 93 ఫారన్‌హీట్, కలిపితే 168. అదే వేళ జైపూర్‌లో 42 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుంటే 108కి 15 కలిపి 123. అక్కడ మనిషికి ఒళ్లు మాడిపోతున్నట్టే ఉంటుంది. కానీ నీడ, నీళ్లు ఉంటే గుర్రం నెట్టుకొస్తుంది. మన దగ్గర నీడలో నిలబెట్టినా రొప్పుతుంది.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ లెక్క తెలిసి కూడా తప్పు చేశాను. రేసులు మానేసిన ఒక ఎర్ర గుర్రాన్ని సంక్రాంతి తర్వాత తెచ్చుకున్నాను. మార్చి దాకా దివ్యంగా ఉంది. మే రెండో వారంలో ఒకరోజు ఉదయం అరగంట తిప్పి జీను దించి చెయ్యి వేస్తే, తడిసి ముద్దయి ఉండాల్సిన వీపు ఎండిన గోనెపట్టాలా ఉంది. జూలు కింద, తొడల మధ్య కాస్త తడి, అంతే. ముక్కుపుటాలు గరాటాల్లా తెరుచుకున్నాయి. నిమిషానికి 12 సార్లో 15 సార్లో తీయాల్సిన ఊపిరి 70 సార్లు తీస్తోంది. థర్మామీటరు పెడితే 105. మామూలుగా 100 దగ్గర ఉండాలి. రెండు గంటలు ఒంటిమీద నీళ్లు గుమ్మరిస్తూ, పెద్ద ఫ్యాను పెట్టి గండం గట్టెక్కించాం. చెమట పట్టడమే ఆగిపోయే ఈ జబ్బును అన్‌హైడ్రోసిస్ అంటారు. ఏ జాతికైనా రావచ్చు. అయితే ఉక్క తెలియని చోట నుంచి వచ్చి గట్టి పని చేసే గుర్రాల్లో ఎక్కువ చూస్తాం. ఇదీ అని చెప్పదగ్గ మందు లేదు, చల్లని చోటికి పంపడమే. నా గుర్రాన్ని బెంగళూరులో ఒక మిత్రుడి దగ్గరికి పంపితే కొన్ని వారాల్లో మళ్లీ చెమట పట్టింది. నేను మాత్రం దాన్ని వెనక్కి తెచ్చుకోలేదు.

కాబట్టి మీరు చూసిన థరోబ్రెడ్ విషయంలో నా మొదటి అభ్యంతరం ఇదే. రెండోది శిక్షణ. ఇప్పుడున్న థరోబ్రెడ్‌లన్నీ మగవైపు నుంచి మూడు పాతకాలపు గుర్రాల సంతానం. వాటికి డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బయర్లీ టర్క్ అని పేర్లు. మూడు వందల ఏళ్లుగా పరుగు ఒక్కటే చూసి జత కట్టించారు. మనిషిని మోస్తూ గంటకు 60 కిలోమీటర్లు దాటి పరుగెత్తే జంతువు అది. పగ్గం బిగిస్తే ఆగాలని మీరు అనుకుంటారు. రేసులో పెరిగిన గుర్రం ఆ బిగువుకు మెడ ఆనించి ఇంకా సాగుతుంది. మీరు భయపడి ఇంకా లాగుతారు, అది ఇంకా ఊపందుకుంటుంది. రుషికొండ దగ్గర మొదలైన దౌడు ఎక్కడ ఆగుతుందో సముద్రానికే తెలియాలి. చర్మం పలుచన, చాలావాటికి గిట్టల అడుగు కూడా పలుచన, కాళ్లకు పాత దెబ్బలు మామూలే. చవకగా ఇస్తున్నారంటే అందుకే. థరోబ్రెడ్‌ను తక్కువ చేయడం లేదు. మన దేశంలో రైడింగ్ స్కూళ్లు చాలావరకు రేసు నుంచి వచ్చినవాటితోనే నడుస్తున్నాయి. ఓపికున్న రౌతు ఏడాదిపాటు మళ్లీ మొదటి నుంచి నేర్పితే బంగారంలాంటి గుర్రమవుతుంది. ఆ రౌతు మీరు కాదు, ఇప్పుడప్పుడే.

2018 ఆసియా క్రీడల్లో మన రౌతు ఫవాద్ మీర్జా రజతం తెచ్చాక, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ (రౌతు సైగలకు తగ్గట్టు గుర్రం అడుగులు వేసే పోటీ) జట్టు 41 ఏళ్ల తర్వాత గుర్రపుస్వారీలో స్వర్ణం గెలిచాక, అలాంటి గుర్రం కావాలని నాకు ఫోన్లు వస్తుంటాయి. అవి యూరప్ వార్మ్‌బ్లడ్‌లు, పోటీల స్వారీ కోసం అక్కడ పెంచిన గుర్రాలు. వాటి ధర సంగతి వదిలేయండి, ఏసీ కొట్టానికి కరెంటు బిల్లు కట్టగలిగితే మాట్లాడుకుందాం. అరబ్బీ గుర్రం వేరు. ఎత్తు 14 నుంచి 15 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, నేల నుంచి మూపు దాకా కొలుస్తారు), సన్నని ఎముక, ఒక్కరోజులో 160 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పందేలు పూర్తి చేసే దమ్ము. వేడికి కూడా బాగానే ఓర్చుకుంటుంది. కానీ అతి తెలివి. మీకంటే ముందు అదే మీకు పాఠం చెబుతుంది. పైగా మంచి అరబ్బీ దొరకడం కష్టం, అరబ్బీ అని చెప్పి ఏదో ఒకటి అంటగట్టడం తేలిక.

ఇక మార్వాడీ. అందంలో దాని తర్వాతే ఏదైనా. లోపలికి వంగి కొసలు కలుసుకునే చెవులు, పొడవాటి మెడ, ఠీవి. జోధ్‌పూర్ వైపు రాఠోడ్‌లు యుద్ధానికి పెంచిన జాతి. దీనికి రేవాల్ అనే నడక పుట్టుకతో వస్తుంది. మామూలు గుర్రం దుడుకు నడకలో పైనున్నవాణ్ణి ఎగరేసి కుదేస్తుంది కదా, రేవాల్ నడిచే గుర్రం మీద చేతిలో గ్లాసులో నీళ్లు తొణకవు. నడుం నొప్పి ఉన్న నలభై దాటినవాళ్లకు ఇది వరం. కాఠియావాడీ దీనికి దగ్గరి చుట్టం, సౌరాష్ట్రది. చెవులు ఇంకా ఎక్కువ వంపు, ముఖం కాస్త లోపలికి నొక్కినట్టు ఉంటుంది, ఎత్తు కొంచెం తక్కువ, సాధారణంగా 14 నుంచి 15 హ్యాండ్స్ లోపే. తక్కువ మేతతో బతుకుతుంది. గుజరాత్ పోలీసులు గస్తీకి వాడతారు. రోజూ వాడుకునే గుర్రంగా నాకు మార్వాడీ కంటే కాఠియావాడీ మీదే మొగ్గు. ఇది నా ఇష్టం మాత్రమే, రాజస్థాన్‌వాళ్లు వింటే నన్ను తన్నడానికి వస్తారు.

మీరు చూసిన మార్వాడీకి జాతి లోపం ఏమీ లేదు, వయసే లోపం. గుర్రానికి వెన్నెముక పూర్తిగా గట్టిపడేసరికి అయిదేళ్లు దాటుతుంది. రెండేళ్లదాని మీద 82 కిలోలు కూర్చుంటే ఈరోజు ఏమీ కనిపించదు, ఎనిమిదో ఏట నడుం పట్టేసి కనిపిస్తుంది. నేర్చుకునేవాడికి నేర్చిన గుర్రమే కావాలి. ఇద్దరికీ ఏమీ రాకపోతే దెబ్బలు మీకు, మొండితనం దానికి మిగులుతాయి.

మార్వాడీ కొనేటప్పుడు ఇంకొకటి అడగండి, పెళ్లి ఊరేగింపుల్లో వాడారా అని. మా స్నేహితుడు అలాంటి గోడిగను (ఆడగుర్రాన్ని) కొన్నాడు. కొట్టంలో ఆవులా శాంతం. వినాయక నిమజ్జనం రోజు సాయంత్రం వాళ్లబ్బాయిని ఎక్కించుకుని ఆర్కే బీచ్ వైపు వెళ్లాడు. ఊరేగింపులో డప్పు మొదలైంది. గోడిగ చెవులు నిక్కించింది, ఒక్కసారిగా ముందుకాళ్లు మార్చి మార్చి ఎత్తుతూ ఆట మొదలుపెట్టింది. పిల్లాడు జూలు పట్టుకుని ఏడుపు. జనం చుట్టూ మూగి చప్పట్లు కొట్టి, పది రూపాయల నోట్లు విసిరారు. డప్పు ఆగేదాకా అది ఆగలేదు. నవ్వొచ్చే కథే గాని, ఆ ఆట నేర్పేటప్పుడు వాటిని ఎలా కొడతారో చూశాక నాకు నవ్వు రాలేదు.

బరువు లెక్క మీరే చేసుకోవచ్చు, దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత తీయండి. భుజం ముందుభాగం నుంచి తుంటి చివరిదాకా పొడవు తీయండి. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే గుర్రం బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 170, పొడవు 150 ఉన్న గుర్రం సుమారు 365 కిలోలు. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదన్నది నేను పాటించే హద్దు. అంటే 73 కిలోలు. మీరు 82, జీను 9, మొత్తం 91. కుదరదు. చుట్టుకొలత 180, పొడవు 158 ఉంటే 430 కిలోలు వస్తుంది, దానికి హద్దు 86. అక్కడికి కూడా మీరు అయిదు కిలోలు తగ్గాలి. ఇది నేను చెప్పడం లేదు, టేపు చెబుతోంది. పైగా కొత్తవాళ్లు బస్తాలా కూర్చుంటారు కాబట్టి ఇంకాస్త తగ్గితే గుర్రం మిమ్మల్ని దీవిస్తుంది.

ఈ లెక్కలోనే మీరు చూసిన పాడేరు పొట్టి గుర్రం, అదే మన్యం గుర్రం, మీకు దూరమైంది. 11, 12 హ్యాండ్స్ ఎత్తు, రెండువందల కిలోల పైచిలుకు ఒళ్లు. జీపు వెళ్లని కొండ ఊళ్లకు బియ్యం, ఉప్పు, అక్కడి నుంచి సంతకు కాఫీ, మిరియాలు మోసేది ఇదే. రాళ్ల దారిలో మనిషి జారే చోట అది జారదు. లాడాలు లేకుండానే తిరిగేంత గట్టి గిట్టలు. దీన్ని పట్టించుకుని జాతిగా నమోదు చేయించినవాళ్లు లేరు గాని, మహారాష్ట్రలో గొర్రెలకాపరుల వెంట తిరిగే భీమ్‌థడీ గుర్రానికి ఈమధ్యే జాతి గుర్తింపు వచ్చింది. మణిపురి, స్పితి, జంస్కారీ, భూటియా కూడా పొట్టి రకాలే. ఒక్క మణిపురి పోలోకు పేరుపడింది, మిగతావి హిమాలయాల బరువులు మోసేవి. వాటిని ఇక్కడికి తేవాలన్న ఆలోచన వద్దు.

బరువు మోయించడం సంగతి. పైనున్న మనిషి గుర్రంతో పాటు కదులుతాడు. మూట కదలదు, చచ్చు బరువు. అందుకే మోతకు హద్దు వేరుగా చూడాలి. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం వీపు మీద 70 కిలోలు, గాడిద మీద 50, కంచరగాడిద మీద 200 మించి వేయకూడదు. రోజుకు 9 గంటలు మించి, విశ్రాంతి లేకుండా 5 గంటలు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలే కూడదు. ఆ అంకెల్లోనే కంచరగాడిద గొప్పతనం కనిపిస్తుంది. మోత పనికి దాన్ని మించింది లేదు, సైన్యం ఊరికే పెంచుతుందా? కానీ మీ సరుగుడు మోపులకు ఇవేవీ వద్దు. పొడవాటి కర్రలు వీపు మీద కడితే అడుగడుక్కీ చెట్లకు తగిలి జంతువు బెదిరిపోతుంది. ఒక చిన్న ట్రక్కు మాట్లాడుకోండి. క్లైడ్స్‌డేల్, షైర్ లాంటి టన్ను బరువుండే బండి గుర్రాల వీడియో పంపారు, బాగుంది. కాళ్లకు అన్నేసి వెంట్రుకలున్న చలిదేశపు గుర్రం మన ఉక్కలో వారం నిలవదు.

అతిథుల బండి వేరే మాట. ఎక్కడానికి నేర్చిన గుర్రం బండికి పనికొస్తుందన్న హామీ లేదు. వెనక నుంచి చక్రాల చప్పుడు వెంటాడుతుంటే మొదటిసారి ఏ గుర్రమైనా పారిపోవాలనే చూస్తుంది. గంతలు కట్టి, ముందు ఖాళీ టైరు లాగించి, తర్వాత ఖాళీ బండి కట్టి, రెండు మూడు నెలలు పడుతుంది. ఛాతీ వెడల్పు, పొట్టి నడుం ఉన్నది చూసుకోవాలి. మెరక ఇసుకలోకి బండి దింపకండి. చక్రం కూరుకుపోతే లాగే బరువు ఎన్నో రెట్లవుతుంది, కాలి వెనక స్నాయువులు దెబ్బతింటాయి. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీద మాత్రమే, అదీ తెల్లవారుజామున. ఇంటికొచ్చాక కాళ్లు మంచినీళ్లతో కడగాలి, ఉప్పుకు చర్మం పగులుతుంది, లాడాల మేకులు తుప్పు పడతాయి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఏ జాతి తెచ్చినా మన దగ్గర ఎక్కువగా చెడేది మేత దగ్గరే. మీ ఊళ్లో గేదెలకు వేసే సూపర్ నేపియర్ గడ్డి, తవుడు గుర్రానికి కూడా వేద్దామనుకుంటారు, అందరూ అలాగే చేస్తారు. నేపియర్‌లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. గేదె కడుపు వాటిని విరిచేస్తుంది, గుర్రం కడుపు అంతగా విరవలేదు. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, అది ఉన్న కాల్షియాన్ని ఎముకల్లోంచి లాగేస్తుంది. రెండూ కలిపి ఏడాది వేస్తే మొదట అకారణంగా కుంటుతుంది, తర్వాత కళ్ల కింద ముఖం ఎముక రెండు పక్కలా ఉబ్బుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. వరిగడ్డి ఒక్కటే వేస్తే పేగు అడ్డుపడి కడుపునొప్పి, గుర్రానికి వాంతి రాదు కాబట్టి అదే చావుకొస్తుంది. ఎండు జొన్న చొప్ప, గరిక, దొరికితే లూసర్న్ లేదా వేరుశనగ తీగ ఎండబెట్టింది, వీటితోనే కడుపు నింపాలి. 400 కిలోల గుర్రానికి రోజుకు 7, 8 కిలోల ఎండుమేత. ఉలవ గుగ్గిళ్లు మంచివే, కిలో దాటనక్కర్లేదు. రాతి ఉప్పు గడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, వేసవిలో రోజుకు 50 లీటర్ల నీళ్లు లెక్కేసుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని ఊరికే అనలేదు. కొనే ధర ఒక్కసారిది, ఇది నెలనెలా. నెలన్నరకోసారి గిట్టలు చెక్కి లాడాలు కొట్టే మనిషి కూడా కావాలి. విశాఖలో ఆ పని తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుర్రం కంటే ముందు ఆ మనిషిని వెతకండి.

మరి ఏది కొనాలి? 8 నుంచి 12 ఏళ్ల మధ్య ఉన్న, విత్తు తీయించిన మగ గుర్రం. కాఠియావాడీ గాని, మార్వాడీ కలిసిన నాటుది గాని. ఎత్తు 14.2 (అంటే 14 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు) నుంచి 15 హ్యాండ్స్, బరువు 430 కిలోలకు తగ్గకుండా. వీటన్నిటికంటే ముఖ్యం, కనీసం ఒక వేసవి తూర్పు తీరంలో గడిపి ఉండాలి. మచిలీపట్నమో, కాకినాడో, పూరీయో, ఎక్కడైనా సరే. కాగితం మీద జాతి పేరు లేకపోయినా నాకు అభ్యంతరం లేదు. నుదుటి మీద సుడి బాగోలేదని, కాళ్ల తెలుపు దోషమని ధర తగ్గించి అమ్మే గుర్రాలుంటాయి. పంచకళ్యాణి (నాలుగు కాళ్లు, ముఖం తెల్లగా ఉన్న గుర్రం) కోసం జనం ఎగబడుతుంటే మీరు ఆ దోషాల గుర్రాన్ని నిశ్చింతగా కొనుక్కోండి. సుడికి, నడకకు సంబంధం లేదు.

చూడటానికి చెప్పకుండా వెళ్లండి. మీరు వెళ్లేసరికే జీను వేసి, చెమట పట్టించి సిద్ధంగా ఉంచారంటే, పొద్దున్నే దాని పొగరు దించారని అర్థం. ముందు అమ్మేవాణ్ణే ఎక్కమనండి. వాడు ఎక్కకపోతే మీరూ ఎక్కవద్దు. తారు రోడ్డు మీద నడిపించి గిట్టల చప్పుడు వినండి, నాలుగూ ఒకే తాళంలో పడాలి. ఫోనులో డప్పు వినిపించండి. గ్లాండర్స్ రక్తపరీక్ష కాగితం లేకుండా డబ్బు ఇవ్వకండి. అది మనుషులకు కూడా అంటే జబ్బు, ఉందని తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. ధనుర్వాతం టీకా వేయించారో లేదో కూడా అడగండి.

ఇక ఆ పొట్టి గుర్రం. గుర్రం మంద జంతువు, ఒంటరిగా కట్టేస్తే దిగులుతో గోడలు కొరుకుతుంది. మీరు పెద్దది కొన్నాక దానికి తోడుగా పాడేరుదాన్ని తీసుకోండి. పాప, జీను కలిపి 40 కిలోలు మించకపోతే ఇంకో రెండేళ్లు దానిమీద హాయిగా నేర్చుకుంటుంది. దానికి కళ్లెం భాష రాదు, ముందు నడిచే మనిషి వెనక పోవడమే తెలుసు. ఆ భాష నేర్పడానికి నాకు నెల చాలు. టేపు కొలతలు, నాలుగు కాళ్ల ఫొటోలు, పళ్ల ఫొటో పంపండి. ఆదివారం అయితే నేనే భీమిలి వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.